హుగ్లీ ఒడ్డున ఉమ్మడి ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. కట్టేవాడికి ఖర్చు ఒక్కటే బాధ. కొనేవాడికి ఖర్చుతోపాటు మరొక బెంగ కూడా ఉంటుంది. ఆ గోడల మధ్య రేపు ఎవరెవరు కాపురం చేస్తారో, ఎవరి మాట చెల్లుతుందో, కడపట దస్తావేజు ఎవరి పేర మిగులుతుందో! నలుగురు కలిసి కొంటే ఆ బెంగ నాలుగింతలు. అట్లా నలుగురు కలిసి కొన్న ఇంటి కథ ఒకటి ఈ వారం చెప్పదలచుకున్నాను. ఇల్లు మన ఊళ్ళోది కాదు, కొన్నవారు మనవాళ్ళూ కారు. అయినా ఆ యింటి వసారాలో మన తెలుగు భాష కొన్నేళ్ళపాటు అతిథిగా కూర్చున్నది. కాబట్టి కథ కొంతవరకు మనదే.

కలకత్తాకు ఎగువన పద్నాలుగు మైళ్ళ దూరాన హుగ్లీ నదికి పడమటి గట్టున శ్రీరాంపురం అనే పట్నం ఉన్నది. ఇంగ్లీషువాళ్ళ నోట అది సీరంపూర్ అయింది. అసలు ఆ పట్నం ఇంగ్లీషువాళ్ళది కానే కాదు. 1755లో డెన్మార్కు దేశపు వర్తకులు అక్కడ దిగి, తమ రాజుగారి పేర ఫ్రెడెరిక్స్ నగరం అని పెట్టుకున్నారు. 1845లో కుంఫిణీకి అమ్ముకునేదాకా అక్కడ డెన్మార్కు జెండానే ఎగిరింది. మన కథకు ఈ జెండా ముఖ్యం. ఎందుకంటే ఆ రోజుల్లో కుంఫిణీ దొరలు తమ రాజ్యంలో క్రైస్తవ మత ప్రచారకులను అడుగు పెట్టనిచ్చేవారు కారు. పాఠకులకు ఇది విడ్డూరంగా తోచవచ్చు గాని నిజం. వచ్చింది వ్యాపారానికి, ఊరివాళ్ళ మతం జోలికి పోతే వ్యాపారం చెడుతుందని వాళ్ళ భయం. 1813లో పార్లమెంటు కొత్త శాసనం చేసేవరకు ఆ పట్టు సడలలేదు.

అందుచేత 1799 అక్టోబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు, మార్ష్‌మన్, వార్డు మొదలైనవారు, కలకత్తాలో దిగకుండా తిన్నగా శ్రీరాంపురం చేరుకున్నారు. అక్కడి గవర్నరు ఓలే బీ వాళ్ళను కుంఫిణీకి అప్పగించకుండా ఆశ్రయమిచ్చాడు. ఉత్తరాన నీలిమందు ఫ్యాక్టరీలో పనిచేస్తూ బెంగాలీ నేర్చుకుంటున్న విలియం కేరీ తన ముద్రణ యంత్రాన్నీ, సంసారాన్నీ పడవలో వేసుకుని వచ్చి 1800 జనవరి 10న వాళ్ళతో కలిశాడు. ఈ కేరీ పుట్టింది ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో, చేసిన వృత్తి చెప్పులు కుట్టడం. మార్ష్‌మన్ బడిపంతులు. వార్డు అచ్చుపని తెలిసినవాడు. చెప్పులు కుట్టేవాడు, పంతులు, ప్రింటరు! ఈ ముగ్గురూ కలిసి కాపురం పెట్టారు.

అద్దె ఇళ్ళు చూశారు. నాలుగేళ్ళ అద్దె కూడితే ఇంటి ధర తేలేటట్లున్నది. కొనేద్దామనుకున్నారు. నది ఒడ్డునే విశాలమైన హాలు, వసారాలు, చుట్టూ తోటకు చోటు ఉన్న ఇల్లు ఒకటి ఆరువేల రూపాయలకు దొరికింది. ధర విని గుండె గుభేలుమన్నదని వాళ్ళే రాసుకున్నారు. హాల్లో ప్రార్థన, భోజనం. పక్క గదుల్లో సంసారాలు. ఒక పక్క అచ్చుయంత్రం. ఈ ఏర్పాటుతో ఇల్లు మొదలయింది.

మన ఉమ్మడి కుటుంబాల సంగతి తెలిసినవారికి ఈ ఇంటి నియమాలు చదివితే ముచ్చట వేస్తుంది. ఎవరు ఏం సంపాదించినా అంతా ఒకే పెట్టెలో పడాలి. ఎవరి ఖర్చుకు వాళ్ళకు కొద్దిపాటి సొమ్ము. అందరికీ ఒకే వంట, ఒకే భోజనపు బల్ల. ఇంటి పెత్తనం ఒకరి చేతిలోనే ఉండిపోకుండా నెలకొకరు చొప్పున వంతు. అన్నిటికంటె నాకు నచ్చినది శనివారం రాత్రి ఏర్పాటు. వారంలో ఎవరి మీద ఎవరికి మనసు కష్టపడినా ఆ రాత్రి అందరూ కూర్చుని పైకి చెప్పేసుకోవాలి, అక్కడితో తేల్చేసుకోవాలి. మన ఇళ్ళల్లో శనివారం తలంటు ఉన్నది గాని ఈ తలంటు లేదు గదా! తోడికోడళ్ళు ఏళ్ళతరబడి పొయ్యి దగ్గర మూతులు ముడుచుకు తిరగడం ఎన్ని ఇళ్ళల్లో చూడలేదు?

కేరీకి 1801లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలలో ఉపాధ్యాయ పదవి వచ్చింది. నెలకు ఐదువందల రూపాయల జీతం. అదీ ఆ పెట్టెలోనే పడింది. మార్ష్‌మన్ భార్య హానా అమ్మగారు పిల్లలకు బడి పెట్టి దాని ఆదాయమూ పెట్టెలోనే వేసింది. చరిత్ర పుస్తకాల్లో ఈ ఇంటి పేరు చెప్పగానే 'శ్రీరాంపురం త్రయం' అని ముగ్గురు మగవాళ్ళ పేర్లు వల్లిస్తారు. బడి నడిపి, పదిమందికి వండించి పెట్టి, ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా చూసిన ఇల్లాలి పేరు నాలుగోదిగానైనా చెప్పరు. ఆవిడ లేకపోతే ఆ ముగ్గురూ ఏడాది తిరక్కుండా వేరుకాపురాలు పెట్టుకుని ఉండేవారని నా అనుమానం.

ఆ ఇంట్లో మరొక ఇల్లాలు ఉన్నది. ఆమె సంగతి రాయడానికి చేయి ఆడటం లేదు. కాని రాయకుండా ఈ ఇంటి చరిత్ర రాస్తే అది చరిత్ర కాదు. కేరీ భార్య డొరొతీ. చదువుకోలేదు. సముద్రం దాటి రానంటే రానన్నది. చివరకు చంటిబిడ్డతో, చెల్లెలిని తోడు తెచ్చుకుని ఓడ ఎక్కింది. దేశానికి వచ్చిన ఏడాదికే, 1794లో, ఐదేళ్ళ కొడుకు పీటరు విరేచనాల జబ్బుతో పోయాడు. ఆ దెబ్బతో ఆమె మనసు చెదిరింది. మళ్ళీ కుదుటపడలేదు. శ్రీరాంపురం ఇంటికి వచ్చేనాటికే ఆమెను గదిలో ఉంచి కనిపెట్టుకోవలసిన స్థితి. ఒక గదిలో భర్త పండితులతో కూర్చుని అనువాదాలు చేస్తూంటే పక్క గదిలో భార్య కేకలు వేస్తూ ఉండేదని ఆ ఇంట్లో పెరిగిన మార్ష్‌మన్ కొడుకు తరవాత రాశాడు. 1807 డిసెంబరు 8న ఆమె కన్నుమూసింది. కేరీ ఆమెను పిచ్చాసుపత్రికి పంపకుండా ఇంట్లోనే ఉంచుకున్నాడని మెచ్చుకునేవారున్నారు. అదీ నిజమే. కాని నలభై భాషల్లో దైవవాక్యం వినిపించాలని తపించిన ఇంట్లో, ఆ ఒక్క మనిషి మాట మాత్రం ఎవరికీ అర్థం కాకుండా పోయింది. ఇది నేను మరచిపోలేను.

ఇక ముద్రణాలయం. దాని మొదటి భాగ్యం పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ కమ్మరి. ఇంతకుముందు విల్కిన్స్ దొర దగ్గర బెంగాలీ అక్షరాలు చెక్కడంలో చేయి తిరిగినవాడు. చిన్న ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని పంచి అంటారు. దానితో రాగిమీద గుద్దితే అచ్చుగుంట పడుతుంది. ఆ గుంటలో సీసం పోస్తే కంపోజింగుకు పనికివచ్చే అక్షరం వస్తుంది. ఒకసారి పంచి చెక్కితే చాలు, సీసపు అక్షరాలు ఎన్నైనా పోసుకోవచ్చు. పంచానన్ తన అల్లుడు మనోహర్‌కు ఈ విద్య నేర్పాడు. మామా అల్లుళ్ళ చేతుల మీదుగా ఒక్కొక్క లిపి తయారవుతూ వచ్చింది. ఒత్తులూ గుణింతాలూ గల మన లిపులకు ఒక్కొక్కదానికి వందలకొద్దీ అచ్చులు కావాలి. ఊరికే 'క' రాసి ఊరుకుంటే చాలదు. 'క్రౌ' కూడా రాయాలి.

1812 మార్చి 11 సాయంకాలం ఆ ముద్రణాలయంలో నిప్పు అంటుకున్నది. రెండువందల అడుగుల పొడవు గల భవనం, నిండా కాగితం. వార్డు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపులూ కిటికీలూ మూయించాడు. గాలి ఆడకపోతే మంట దానంతటదే అణుగుతుందని ఎత్తు. పైకప్పు నుంచి నీళ్ళు పోయించాడు. కొన్ని గంటలు ఆ ఎత్తు పారింది. ఇంతలో ఎవరో సహాయం చేద్దామనే కాబోలు ఒక కిటికీ తెరిచారు. గాలి వెళ్ళింది, మంట లేచింది. అర్ధరాత్రికి కప్పు కూలింది. కాగితం, పద్నాలుగు లిపుల సీసపు అక్షరాలు, కేరీ ఏళ్ళతరబడి కూర్చుతున్న బహుభాషా నిఘంటువు రాతప్రతి, అన్నీ పోయాయి. నష్టం పదివేల పౌనులని లెక్క వేశారు. కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉన్నాడు. మార్ష్‌మన్ మరునాడు పడవలో వెళ్ళి కబురు చెప్పాడు.

కాని బూడిద తవ్వుతూ ఉంటే ఉక్కు పంచిలు, రాగి అచ్చుగుంటలు చెక్కుచెదరకుండా దొరికాయి. అచ్చుయంత్రాలు వేరే చోట ఉండడం వల్ల అవీ మిగిలాయి. కరిగి ముద్దయిన సీసాన్నే మళ్ళీ కరిగించి అక్షరాలు పోయడం మొదలుపెట్టారు. నెలా రెండు నెలల్లో అచ్చుపని మళ్ళీ సాగింది. ఇంగ్లండులో జనం చందాలు వేసుకుని రెండు నెలల్లోపల నష్టమంతా పూడ్చారు. కమ్మరి చెక్కిన ఉక్కు నిలిచింది, పండితులు రాసిన కాగితం బూడిదైంది. తెలుగు పాఠం చెప్పుకు బతికే నాబోటివాడికి ఇది చదివితే గర్వభంగమే.

మన తెలుగు ఈ ఇంటికి ఎట్లా వచ్చిందో ఇప్పుడు చెప్పాలి.

కిందటి సంవత్సరం నేను బి.ఏ. తరగతిలో తెలుగు వ్యాకరణాల చరిత్ర చెబుతూ, పాశ్చాత్యులు రాసిన వ్యాకరణాల్లో కేరీ గ్రంథం 1814 నాటిదని చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "కేరీ దొరగారు ఆంధ్రదేశానికి ఎప్పుడు వచ్చారండీ?" అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. "మరి తెలుగు ఎవరు చెప్పారండీ?" అన్నది. పరీక్షలో రాని ప్రశ్న. కాని అసలు ప్రశ్న అదే.

1806 జూన్‌లో కేరీ స్వదేశంలోని ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం ఉన్నది. ఉత్తరాలు ఆలస్యం చేస్తున్నావని స్నేహితుడు నిష్ఠూరమాడాడు కాబోలు, తన ఒక్కరోజు దినచర్య అంతా ఏకరువు పెట్టాడు. తెల్లవారుజామున ఆరు కాకముందే లేచి హీబ్రూ బైబిలు. టీ కలుపుతూ ఉండగా మున్షీతో పారశీకం. ఫలహారానికి ముందు హిందూస్తానీ. తరవాత పండితుడితో సంస్కృత రామాయణం అనువాదం. పది గంటలకు కాలేజీ. మధ్యాహ్నం వచ్చి బెంగాలీ ప్రూఫు. భోజనం కాగానే సంస్కృతంలోకి మత్తయి సువార్త. సాయంత్రం ఆరు దాటాక ఒక తెలుగు పండితుడితో కూర్చుని తెలుగు నేర్చుకోవడం. ఏడు గంటలకు ప్రసంగం సిద్ధం చేసుకోవడం, ఏడున్నరకు ప్రసంగించడం. ఆ పైన రాత్రి పదకొండు దాకా బెంగాలీ అనువాదం. కడపట గ్రీకు బైబిలులో ఒక అధ్యాయం, నిద్ర.

అంటే మన భాషకు దీపాలు పెట్టే వేళ ఒక గంట కేటాయించాడన్నమాట. అది ఆయన వారంలో కొన్ని రోజులు బసచేసే కలకత్తాలో జరిగింది. నేర్చుకున్నదంతా పడవలో శ్రీరాంపురం ఇంటికి వచ్చి అచ్చయింది. ఉత్తరంలో ఆ తెలుగు పండితుడి పేరు లేదు. 'ఒక తెలింగ పండితుడు' అన్నాడు, అంతే. ఆయన ఏ ఊరివాడో! గోదావరి గట్టున ఏ అగ్రహారం వదిలి, ఎన్ని రోజులు నడిచి, బెంగాలు చేరాడో! సంధ్యావందనం వేళకు ఎదురుగా దొరను కూర్చోబెట్టుకుని 'రాముడు, రాముని, రామునిచేత' అని చెప్పించి ఉంటాడు. ఇంటికి వెళ్ళి తలస్నానం చేశాడో, జీతం లెక్కపెట్టుకున్నాడో, రెండూ చేశాడో! ఇదంతా నా ఊహ. కాని ఆయన నోటివెంట వచ్చిన మాటలే ఆ వ్యాకరణంలో ఉన్నాయి. ఇది మాత్రం ఊహ కాదు.

తెలుగు అక్షరం అచ్చులో పడడం శ్రీరాంపురంతో మొదలు కాలేదు. అంతకు అరవై ఏళ్ళ ముందే, 1746లో, జర్మనీలోని హాలె పట్నంలో షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. కాని శ్రీరాంపురంలో పని వరసగా సాగింది. విశాఖపట్నంలో ఉండి తెలుగు నేర్చిన దెగ్రాంజ్ అనే లండన్ మిషనరీ, ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు కలిసి చేసిన మూడు సువార్తల అనువాదం ఇక్కడ అచ్చయింది 1812లో. అగ్నిప్రమాదం జరిగిన ఏడే. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్తనిబంధన 1818లో, బైబిలు మొదటి ఐదు కాండలు 1821లో వచ్చాయి. ఆ అనువాదం జనంలో నిలవలేదు. తరవాతివారు మళ్ళీ మొదటినుంచి చేసుకోవలసి వచ్చింది. భాష పుట్టిన నేలను తొక్కనివాడి అనువాదానికి ఆ గతి తప్పదని నా అభిప్రాయం. కేరీ బెంగాలీ గద్యాన్ని బెంగాలీలు ఇప్పటికీ తలుచుకుంటారంటే, ఆయన వాళ్ళ సంతల్లో, పొలాల్లో వాళ్ళతో మాట్లాడాడు గనుక.

వ్యాకరణం పీఠికలో కేరీ ఒక మాట అన్నాడు. దక్షిణ దేశపు భాషలు కూడా ఉత్తరాది భాషల పుట్టుకే పుట్టాయి గాని, వాటిలో ఎక్కడినుంచి వచ్చాయో తేలని మాటలు చాలా ఉన్నాయి, అని. సంస్కృతం గుండా తెలుగును చూసినవాడికి అట్లాగే కనిపిస్తుంది. తేలని మాటలు అంటే ఏమిటి? 'అమ్మ', 'ఇల్లు', 'తిను', 'వచ్చు', 'చెట్టు', 'నీళ్ళు'. మనం పుట్టగానే నేర్చే మాటలన్నీ ఆయనకు తేలలేదు!

రెండేళ్ళకు, 1816లో, మద్రాసులో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం వచ్చింది. దానికి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఒక పీఠిక చేర్చి, కేరీ అన్నమాట పట్టుకుని తూర్పారపట్టాడు. తమిళ, తెలుగు, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇవి ఒక తల్లి పిల్లలు, సంస్కృతం వీటికి తల్లి కాదు, మాటలు అరువిచ్చిన ఇరుగుపొరుగు అని నిరూపించాడు. మచిలీపట్నం మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికలోని మాటలను, పట్టాభిరామశాస్త్రిగారి ధాతుమాలను పేర్లు పెట్టి ఉదాహరించాడు. కాల్డ్‌వెల్ తన ప్రసిద్ధ గ్రంథం ప్రకటించింది 1856లో. దానికి నలభై ఏళ్ళ ముందే ద్రావిడ భాషా కుటుంబం సంగతి ఒక తెలుగు వ్యాకరణం పీఠికలో తేలిపోయింది. హుగ్లీ ఒడ్డున జరిగిన పొరపాటు లేకపోతే చెన్నపట్నంలో ఆ సమాధానం అంత త్వరగా వచ్చేదా అని నాకు అనిపిస్తుంది. ఎదుటివాడు తప్పు చెబితేనే గదా మనం నోరు విప్పుతాం!

ఇక్కడ ఆ పక్కింటి సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే తెలుగు పాఠకులు నన్ను క్షమించరు. శ్రీరాంపురంలోనే నది ఒడ్డున, నడిచి వెళ్ళే దూరంలో ఆల్డీన్ హౌస్ అనే మరొక పెద్ద ఇల్లు ఉండేది. దాన్ని 1803లో డేవిడ్ బ్రౌన్ అనే మతాచార్యుడు కొన్నాడు. ఈయన బాప్టిస్టు కాదు, ఇంగ్లండు చర్చివాడు. ఫోర్ట్ విలియం కళాశాలకు అధిపతి. కేరీకి అక్కడ ఉద్యోగం రావడానికి ఈయన చేయి ఉన్నది. ఆల్డీన్ తోటలో దేవుడు లేని పాత గుడి ఒకటి ఉంటే 1806లో వచ్చిన హెన్రీ మార్టిన్ అనే యువకుడికి అందులో బస ఇచ్చాడు. ఆ డేవిడ్ బ్రౌన్‌గారి కొడుకు ఒకడు 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. పేరు చార్లెస్ ఫిలిప్.

అవును, మన బ్రౌను దొరే!

వేమన పద్యాలను వెదికి పట్టినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు చిన్నతనంలో తిరిగిన గట్టు అది. కేరీ దీపాల వేళ తెలుగు నేర్చుకుంటున్న ఏట ఆ పిల్లవాడికి ఏడేళ్ళు. 1812 మార్చిలో ముద్రణాలయం తగలబడింది. ఆ జూన్‌లో డేవిడ్ బ్రౌన్ చనిపోయాడు. పదమూడేళ్ళ కుర్రవాణ్ణి తీసుకుని కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. 1817లో అతడు ఉద్యోగిగా మద్రాసుకు తిరిగి వచ్చి, అక్కడ తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడప చేరాడు. కడపలో బంగళా కొని, పండితులను పిలిపించి, జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలు సేకరించి, ప్రతులు రాయించి, పాఠాలు సరిచూపించాడు. ఇంటినిండా పండితులు, కాగితాలు, దీపాలు. ఈ పద్ధతి ఆయన ఎక్కడ చూశాడో వేరే చెప్పాలా? నా మట్టుకు నేను అది హుగ్లీ గట్టున చూశాడనే నమ్ముతాను.

ఒక్క తేడా ఉన్నది. బ్రౌను తన దగ్గర పనిచేసినవారి పేర్లు రాశాడు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య. ఆ పేర్లు ఇవాళ మనకు తెలుసు. ఆయన కడప బంగళా ఉన్న చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవల్ల బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. శ్రీరాంపురం ఇంట్లో 'ఒక తెలింగ పండితుడు' మాత్రం అట్లాగే ఉండిపోయాడు.

మళ్ళీ ఇంటికి వద్దాం. 1818లో ఆ ముగ్గురూ కళాశాల పెట్టారు. మొదట చేరింది 37 మంది. వారిలో 19 మంది క్రైస్తవులు, 14 మంది హిందువులు. మత పండితులను తయారుచేయడమే అసలు ఉద్దేశం. కాని కులమతాల పట్టింపు లేకుండా ఎవరినైనా చేర్చుకుని సంస్కృతం, ఖగోళం, శాస్త్రాలు నేర్పాలన్నారు. నది వైపు ముఖం పెట్టి స్తంభాల భవనం లేచింది. డెన్మార్కు రాజు ఇనుప గేట్లు, పోత ఇనుప మెట్లదారి బహూకరించాడు. 1827 ఫిబ్రవరి 23న ఆ రాజే పట్టా రాసిచ్చాడు, తన దేశపు విశ్వవిద్యాలయాలలాగే డిగ్రీలు ఇచ్చుకోవచ్చునని.

పట్టా వచ్చిన ఏడే ఇల్లు చీలింది. నేను మొదట అన్న దస్తావేజు బెంగ ఇదే. లండన్‌లోని సొసైటీ పెద్దలు, ఆస్తి అంతా మా పేర ఉండాలి, లెక్కలు మాకు చూపాలి అన్నారు. మీరు పంపినది కొంచెం, మేము చెమటోడ్చి సంపాదించి కొన్నది ఎక్కువ, ఇది మా చేతిలోనే ఉంటుంది అని వీళ్ళు. వీళ్ళకూ సొంతానికి ఒక్క రూపాయి దాచుకోవాలని లేదు, అదే చిత్రం. తమ బిడ్డలకు కావాలని కాదు, పెత్తనం పైవాళ్ళకు పోకూడదని. అంతకుముందే కొత్తగా వచ్చిన కుర్రకారు ఈ ఇంటి పెద్దరికం పడక కలకత్తాలో వేరుపడ్డారు. వారిలో కేరీ తమ్ముడి కొడుకే ఉన్నాడు. 1827లో మొత్తానికి తెగతెంపులయ్యాయి. ఆపైన కలకత్తా వర్తకసంస్థలు దివాలా తీసి, కూడబెట్టిన నిధులు మునిగాయి. వార్డు 1823లోనే కలరాతో పోయాడు. ఆ ఏడే దామోదర నది వరద కేరీ పెంచిన తోటను ముంచింది. కేరీ 1834 జూన్ 9న, మార్ష్‌మన్ 1837 డిసెంబరు 5న వెళ్ళిపోయారు. ముగ్గురిలో చివరివాడు కన్నుమూసిన ఆ రోజుల్లోనే లండన్‌లో రాజీ కుదిరింది. శనివారం రాత్రి కూర్చుని తేల్చుకునే పద్ధతి సముద్రం అవతలికి పనిచేయలేదు. ఓడమీద ఉత్తరం చేరేసరికి ఆరు నెలలు, కోపం చల్లారేసరికి ఇరవై ఏళ్ళు.

కేరీ తోట అన్నాను. ఆయనకు భాషల తరవాత మొక్కలంటే ప్రాణం. మన సామర్లకోటలో ఏళ్ళతరబడి ఉండి తెలుగునాటి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు రాసిన గ్రంథాలను కేరీయే సరిచూసి శ్రీరాంపురంలో అచ్చువేశాడు. వాటిలో చాలా మొక్కలకు లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా ఉంటుంది. తెలుగు వ్యాకరణంలో కేరీకి పుట్టుక తేలని మాటలే ఇక్కడ చెట్ల పేర్లయి, ఏ అనుమానమూ లేకుండా నిలబడ్డాయి.

1845లో పట్నం చేతులు మారినప్పుడు ఒప్పందంలో కళాశాల హక్కులు అట్లాగే ఉంచారు. కాని ఆ డిగ్రీ హక్కు చాలాకాలం పెట్టెలో పడి ఉన్నది. 1915లోగాని దాని కింద వేదాంత పట్టాలు మొదటిసారి ఇవ్వలేదు. 1918లో బెంగాలు శాసనసభ చట్టంతో సెనేట్ ఏర్పడి, దేశంలోని అనుబంధ సెమినరీలకు అది పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ అయింది. మన రామాపట్నం బాప్టిస్టు సెమినరీ వగైరాలు కలిసి 1964లో రాజమండ్రిలో ఏర్పడి, 1973లో హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దానికి అనుబంధమే.

మా వీధి చివర ఉండే పాస్టరుగారి అబ్బాయి ఈమధ్యనే అక్కడ బి.డి. పూర్తిచేసి, పట్టా చూపించడానికి వచ్చాడు. పైన శ్రీరాంపురం పేరు. "ఇది ఎక్కడుందో చూశావా నాయనా?" అంటే, "లేదు మాస్టారూ, ఎప్పుడైనా వెళ్ళాలండీ" అన్నాడు. నేను ఒకసారి కలకత్తా సభకు వెళ్ళినప్పుడు చూసి వచ్చాను గనుక దారి చెప్పాను. పాఠకుల్లో ఎవరైనా అటు వెళితే వారికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. హౌరాలో లోకల్ బండి ఎక్కి శ్రీరాంపూర్‌లో దిగాలి. స్టేషన్ నుంచి రిక్షావాడితో కాలేజీ అంటే చాలు, గంగ ఒడ్డుకు తీసుకువెళతాడు. దారిలో డెన్మార్కువాళ్ళు కట్టిన సెయింట్ ఓలవ్ చర్చి వస్తుంది. పాడుపడి ఉన్నదాన్ని బాగుచేశారు, 2016లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. కాలేజీలో ఆ ఇనుప మెట్లు చూడాలి. కేరీ పేర గ్రంథాలయం ఉన్నది, పాత పుస్తకాలు చూడాలంటే ముందుగా ఉత్తరం రాసుకుని వెళ్ళడం మంచిది. సాయంత్రం దాకా ఉంటే ఎదురుగా బారక్‌పూరు దీపాలు కనిపిస్తాయి. తిరుగు బండ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి. భోజనం మాత్రం ముందే చూసుకోవాలి, మన పులుసూ చారూ అక్కడ దొరకవు.